మజిలీలు: సింహాచలం దారిలో మన మాటలు, మన మెహమాన్లు



తెలుగు ఇళ్ళల్లో తరాల తరబడి చదివిన కథల పుస్తకం ఒకటుంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు'. మొత్తం పన్నెండు భాగాలు. ఒక గురువు, ఆయన వెంట ఒక పశువుల కాపరి కుర్రాడు కాశీకి నడిచి వెళ్తుంటారు. ఆగిన చోటల్లా గురువు ఒక కథ చెప్తాడు. ఆ పేరులో కాశీ సంగతి అందరికీ తెలుసు. పక్కనున్న 'మజిలీ' ఎక్కడిదో ఎవరూ అడగరు. అది అరబీ 'మంజిల్'. దాని అసలు అర్థం దిగడం. ఒంటె మీంచో గుర్రం మీంచో దిగి మూట విప్పే చోటు మంజిల్. ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి మనం ఈరోజుకీ "ఎక్కడ దిగారు?" అనే అడుగుతాం. దిగే చోటుకి మాత్రం మాట అరబీ నుంచి ఫార్సీ మీదుగా వచ్చింది. వచ్చి ఎంతగా కలిసిపోయిందంటే, ఒక పండితుడు కాశీ పక్కన దాన్ని పెట్టడానికి క్షణం కూడా ఆలోచించి ఉండడు.

మన తారీఖ్ అనగానే మనవాళ్ళు మసీదుల లెక్క, నవాబుల పేర్లు, జంగుల సంవత్సరాలు చెప్తారు. అవీ కావాలి. కానీ మామూలు కుటుంబాల తారీఖ్ వేరే చోట ఉంది. పెళ్ళాం పిల్లల్తో, ముసలి తల్లితో, మూటాముల్లెతో బయల్దేరి, దారిలో చుట్టాల ఇళ్ళల్లో దిగుతూ వెళ్ళిన సఫర్లలో ఉంది. ఈ కోస్తా దారి మీద ఆ సఫర్లు ఎలా సాగేవో, అందులో మన హిస్సా ఎంతో, ఈరోజు దాని గురించి రాస్తాను. సింహాచలం దగ్గర ఆగి మాట్లాడుకుందాం. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళే కాలిబాట, రైలు పట్టాలు, హైవే అన్నీ ఈ కొండ చుట్టుపక్కల నుంచే పోయాయి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు రాణులతో సహా వచ్చి దిగింది కూడా ఇక్కడే.

1831: ఒక కుటుంబం, నూరు మంది పరివారం

తెలుగులో యాత్రా చరిత్ర అనగానే మొదట చెప్పే పేరు ఏనుగుల వీరాస్వామయ్య గారిది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న కుటుంబాన్నీ పరివారాన్నీ, దాదాపు నూరు మందిని, వెంటబెట్టుకుని మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్ళారు. కాశీ, గయ, కలకత్తా చూసుకుని తిరుగు ప్రయాణంలో పూరీ, గంజాం, శ్రీకాకుళం, సింహాచలం, విశాఖపట్నం మీదుగా ఈ సముద్రపు దారినే దిగి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. పదిహేను నెలల పదిహేను రోజులు. దారి పొడుగునా చూసినదంతా రాసి దోస్తు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారికి పంపేవారు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. తర్వాత 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు నోట్సులతో మళ్ళీ వెలువరించారు.

ఆ పుస్తకం మనవాళ్ళు తప్పకుండా చదవాలి. గొప్ప వర్ణనల కోసం కాదు. ప్రతి ఊళ్ళో ఆయన రాసింది ఒక తండ్రి, ఒక ఇంటి పెద్ద రాసుకునే సంగతులు: నీళ్ళు మంచివా కావా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి జాగా ఉందా, దారి ఇసకా రాయా, తర్వాతి ఊరు ఎన్ని ఆమడలు. కుటుంబంతో ప్రయాణం చేసినవాడికి ఇవే కదా ఫికర్లు. అక్కడక్కడా పరిచయస్తులు, జమీందార్లు, కంపెనీ ఉద్యోగులు ఆదరించారు. లేని చోట సత్రం, సత్రం లేకపోతే డేరా.

ఇక ఆయన భాష చూడండి. నిష్ఠగల బ్రాహ్మణుడు, కాశీకి పోయేది పుణ్యం కోసం. రాసింది మజిలీ, మకాం, సవారీ, జాగా, ముసాఫరుఖానా. ఈ మాటలు వాడుతున్నప్పుడు తురక మాట వాడుతున్నానన్న ఎరుక ఆయనకు ఉన్నట్టే అనిపించదు. దారి మీద బతికే మాటలు అవే. వేరే మాటలు వెతుక్కోవాల్సిన జరూరత్ లేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఆయన శ్రీశైలం మీదుగా వెళ్ళారు. ఆ ఇలాఖా అప్పుడు కందనూరు నవాబుది. యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేస్తూ, గుడి బాగోగులు మాత్రం గాలికి వదిలేశారని ఆయన ఫిర్యాదు. ఆ ఫిర్యాదు వాజిబే. ముసాఫిర్ దగ్గర డబ్బు గుంజడం మన దీన్ నేర్పిన పని కాదు. మన పేరు పెట్టుకున్న హుకూమత్‌లన్నీ మన ఈమాన్ ప్రకారం నడవలేదు. దారి మీద మనం మిగిల్చిన మంచిని చెప్పుకునేటప్పుడు ఇది కూడా చెప్పాలి, అప్పుడే మన మాటకి విలువ.

మాటలు ఎలా వచ్చాయి

మజిలీ ఒక్కటే కాదు. సఫర్‌కి సంబంధించిన తెలుగు మాటల్ని ఒకచోట చేర్చి చూడండి. సామాను, రవాణా, సవారీ ఫార్సీవి. మకాం, కబురు, జవాబు అరబీవి. ఖర్చు ఫార్సీ నుంచి వచ్చింది. 'రహదారి' మరీ తమాషా మాట. రాహ్ అంటే దారి. రాహ్‌దారీ అంటే దారి మీద వసూలు చేసే సుంకం, ఆ సుంకం కట్టినట్టు ఇచ్చే చీటీ. సుంకాలు ఎప్పుడో పోయాయి. మద్రాసు రాజధానిలో లోపలి దారి సుంకాల్ని 1844లో ఎత్తేశారు. చీటీ పోయింది, పేరు మాత్రం దారికే మిగిలిపోయింది. ఇప్పుడు మన నాలుగు వరసల రోడ్డుని 'జాతీయ రహదారి' అంటున్నాం. టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడల్లా ఆ మాటకి పాత అర్థం మళ్ళీ వచ్చినట్టే.

సి.పి. బ్రౌన్ దొరకి ఈ సంగతి తెలుసు. తెలుగులో కలిసిపోయిన ఇలాంటి మాటల కోసం ఆయన ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువే చేసి 1854లో అచ్చు వేయించారు. కచేరీలో, సంతలో, దారిలో జనం నిజంగా మాట్లాడే తెలుగు ఆ మాటలు లేకుండా అర్థం కాదని ఆయనకు అనుభవమే.

ఈ మాటలు కత్తితో వచ్చాయని కొందరు అంటారు. తారీఖ్ చూద్దాం. రాజమండ్రిలో ఫార్సీ శాసనమున్న మసీదు 1324 నాటిది. శ్రీకాకుళం జామియా మసీదు 1641లో గోల్కొండ ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించింది. గోల్కొండ 1687లో మొఘలుల చేతికి, తర్వాత నిజాం చేతికి వెళ్ళింది. ఈ కోస్తాని ఐదు సర్కార్లుగా లెక్కవేశారు. సింహాచలం, విశాఖ చికాకోల్ సర్కారులో ఉండేవి. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 1766లో నిజాంతో ఒప్పందం తర్వాత ఇవి కంపెనీ చేతికి గట్టిగా వెళ్ళాయి. హాకిములు మారిపోయారు, జనం నోట్లో మాటలు మారలేదు. ఫౌజులు తెచ్చిన మాటలే అయితే ఫౌజులతోనే పోవాలి కదా. వాటిని ఇక్కడ నిలిపింది బండివాళ్ళు, బోయీలు, బేపారులు, డాక్ మోసినవాళ్ళు. 'సర్కారు జిల్లాలు' అన్న పేరు కూడా అంతే. అందులో రెండు మాటలూ మన వైపు నుంచి వచ్చినవే, కానీ ఆ పేరు అందరిదీ.

ముసాఫిర్ హఖ్

మన దీన్‌లో ముసాఫిర్‌కి ఎంత రియాయత్ ఉందో గుర్తు చేసుకోండి. హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల పైన సఫర్ చేసి, పదిహేను రోజుల కంటే తక్కువ ఉండే నియ్యత్ చేస్తే, నాలుగు రకాతుల ఫర్జ్ రెండు అవుతుంది. మా వైజాగ్ నుంచి అనకాపల్లి ఫుప్పూ ఇంటికెళ్తే మీరు ముఖీమే. తునిలో ఖాలా ఇంటికెళ్తే ముసాఫిర్. మా చిన్నప్పుడు భూగోళం మాకు ఇలాగే తెలిసింది. ఏ ఊరు ఎంత దూరమో ఖస్ర్ లెక్కన చెప్పేవాళ్ళం.

జకాత్ ఎవరికి చెందాలో సూరె తౌబా 60వ ఆయత్‌లో ఎనిమిది రకాల వాళ్ళున్నారు. చివరివాడు 'ఇబ్నుస్సబీల్'. మాటకి మాట పెడితే దారి కొడుకు. ఇంటి దగ్గర ఎంత దౌలత్ ఉన్నా, దారిలో చేయి ఖాళీ అయితే వాడికి హఖ్ ఉంది. మెహమాన్ హఖ్ మూడు రోజులనీ, ఆపైన పెట్టేది సదఖా అనీ హదీసు ఉంది. ఆ సబీల్ మాటే ముహర్రంలో మనం పెట్టే నీళ్ళ పందిరికి పేరయింది. అదే పని తెలుగులో చలివేంద్రం. ఆషాఢ పున్నమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ జరుగుతుంది. మా గోపాలపట్నం మీదుగా రాత్రంతా జనం చెప్పుల్లేకుండా నడుస్తారు. దారి పొడుగునా నీళ్ళు, మజ్జిగ ఇచ్చేవాళ్ళు నిలబడి ఉంటారు. వాళ్ళ ఇబాదత్ వేరు, మన ఇబాదత్ వేరు, అందులో కలపడానికి ఏమీ లేదు. కానీ దాహంతో నడిచేవాడి చేతికి గ్లాసు అందించడంలో ఏ తేడా లేదు.

మన రివాజ్‌లో ఇంకోటి ఉంది. బయల్దేరేవాళ్ళ కుడి దండకి గుడ్డలో నాణెం చుట్టి 'ఇమామ్ జామిన్' కట్టేవారు. చేరాక ఆ నాణేన్ని ఎవరైనా గరీబుకి ఇచ్చేయాలి. ఇది షరియత్ కాదు, రివాజ్ మాత్రమే. ఉలమాలు కొందరు వద్దన్నారు, చాలా ఇళ్ళల్లో మానేశారు కూడా. ఐనా సఫర్ బాగా జరిగినందుకు షుక్ర్ చెప్పాలంటే ఎక్కడో ఒక ముసాఫిర్ కడుపు నింపాలన్న ఆలోచన మాత్రం మానకూడనిది.

సముద్రం వైపు మజిలీ

ఈ ఊరికి సముద్రం కూడా దారే. విశాఖ హార్బరు దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద హజ్రత్ ఇస్హాఖ్ మదనీ రహ్మతుల్లా అలైహి దర్గా. ఇస్హాఖ్ మదీనా దర్గా అంటే ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. వచ్చే ఓడ, పోయే ఓడ జెండాని మూడుసార్లు దించి ఎత్తి ఈ దర్గాకి సలామ్ చేసేదని బ్రిటిష్ వాళ్ళ జిల్లా పుస్తకాల్లో రాసి ఉంది. బంగాళాఖాతం గాలివానలు ఈ బుజుర్గ్ మాట వింటాయని ఓడవాళ్ళ నమ్మకం. సఫర్ సలామతుగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండితో చిన్న పడవ చేయించి మొక్కు చెల్లించేవారట.

1933లో హార్బరు ప్రారంభం కాకముందు పెద్ద ఓడలు ఒడ్డుకి దూరంగా నిలబడేవి. మనుషులు అలల మీద మసూలా పడవల్లో వెళ్ళి ఎక్కాలి. ఈ తీరం నుంచి రంగూన్‌కి వేల కుటుంబాలు అలాగే వెళ్ళాయి. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. హిందువులు, ముస్లింలు అందరూ ఆ పేరుకిందే. 1942లో జపాన్ ఫౌజు బర్మాలోకి దిగాక అక్కడివాళ్ళు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. అదే ఏడు ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. ఊళ్ళోవాళ్ళు లోపలి పల్లెల్లో చుట్టాల ఇళ్ళకి పరుగెత్తారు. అంతకాలం పండక్కీ పెళ్ళికీ దిగే ఇల్లు అప్పుడు ప్రాణం నిలిపే ఇల్లయింది. సిలా రహ్మీ, అంటే రక్తసంబంధం నిలుపుకోవడం, ఎందుకు వాజిబో అలాంటి రోజుల్లో తెలుస్తుంది. మన పెద్దలు చుట్టరికాన్ని ఊరికే కబుర్ల కోసం కాపాడలేదు.

ఇంజను మారే ఇరవై నిమిషాలు

1890లలో తూర్పు తీరపు రైలు వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరవడంతో మద్రాసు కలకత్తాతో కలిసింది. వీరాస్వామయ్య గారికి వారాలు పట్టిన దారి ఒక రాత్రి, ఒక పగలు అయింది. ఐనా మజిలీలు పోలేదు, పద్ధతి మార్చుకున్నాయి.

వైజాగ్ స్టేషన్ సంగతి మీకు తెలుసు. చాన్నాళ్ళు దాని పేరు వాల్తేరు. కలకత్తా నుంచి మద్రాసు పోయే బండి ఊళ్ళోకి వచ్చి, ఇంజను తీసి వెనక పక్క తగిలించుకుని, వచ్చిన వైపే మళ్ళీ వెళ్ళాలి. ఆ ఇరవై నిమిషాలు మా ఖాందాన్‌కి ఒక ఇన్‌స్టిట్యూషన్. బరంపురం నుంచి బెజవాడ పోయే చచ్చా వాళ్ళు ముందే కార్డు రాసేవారు: ఫలానా తారీఖు, ఫలానా బండి, ఫలానా డబ్బా. మా అమ్మీ తెల్లవారుజామునే లేచి బగారా అన్నం, దాల్చా, ఖీమా చేసి నాలుగు గిన్నెల క్యారియరు కట్టేది. ప్లాట్‌ఫారం మీద కిటికీ చువ్వల్లోంచి క్యారియరు లోపలికి, పోయినసారి తీసుకెళ్ళిన ఖాళీ క్యారియరు బయటికి. ఆ ఇరవై నిమిషాల్లోనే పుట్టిన బిడ్డని చూపించడం, రిష్తా మాట ఎత్తడం, ఆఖరి చూపు లేకుండా పోయినవాళ్ళ కోసం ఏడ్వడం. ఇంజను కూత వేయగానే "ఖుదా హాఫిజ్, ఫీ అమానిల్లాహ్".

ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాక మజిలీలు పెరిగాయి. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమం జరిగింది. 1971లో శంకుస్థాపన. తర్వాత గుంటూరు, కృష్ణా, కడప వైపుల నుంచి మనవాళ్ళు చాలామంది ఉద్యోగాలకి వచ్చి ఉక్కునగరంలో, గాజువాకలో స్థిరపడ్డారు. కొత్త చుట్టరికాలు, కొత్త రిష్తాలు. పోర్టు, డాక్‌యార్డు, రైల్వే క్వార్టర్లు అన్నీ ఎవరో ఒకరి ఇల్లే.

హజ్ సఫర్ అంటే ఇంకా పెద్ద సంగతి. బయల్దేరే ముందు ఖర్జ్‌లు తీర్చి, బంధువులందరి ఇళ్ళకీ వెళ్ళి "కహా సునా మాఫ్ కర్నా" అని అడగాలి. దానికే నెల పట్టేది. అప్పట్లో బొంబాయి వెళ్ళి సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో దిగి ఓడ ఎక్కేవారు. ఆ ఓడ సఫర్ 1995తో ముగిసింది. తర్వాత హైదరాబాదు నుంచి, ఈమధ్య విజయవాడ నుంచి కూడా విమానాలు. దూరం తగ్గింది. మాఫీ అడగడం వాట్సాప్ మెసేజ్‌లోకి వెళ్ళిపోయింది.

ఆ వంటింటి లెక్క

మెహమాన్ నవాజీ గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్ప ఎవరి వీపు మీద నిలబడిందో కూడా చెప్పుకోవాలి. చెప్పకుండా రాత్రి పదింటికి ఎనిమిది మంది దిగితే, మర్దానాలో సలామ్‌లు, కబుర్లు సాగుతుంటే, లోపల మా నానీమా మళ్ళీ పొయ్యి వెలిగించేది. పిల్లల పక్కలు ఖాళీ చేయించి మెహమాన్లకి వేసేది. ఆఖర్న మిగిలింది తినేది, మిగలకపోతే తినేది కాదు. ఏ సఫర్‌నామాలోనూ ఆ ఆడవాళ్ళ పేర్లు లేవు. "పూర్వం ఎంత ప్రేమలుండేవో" అని మగవాళ్ళం నిట్టూర్చేటప్పుడు ఈ హిసాబ్ కూడా వేసుకోవాలి. మజిలీలు మళ్ళీ బతకాలంటే గిన్నెలు కడిగే చేతులు మారాలి. మెహమాన్ ముందుగా ఫోన్ చేసి రావాలి, మేజ్‌బాన్ కొడుకులు కూడా వంటింట్లోకి వెళ్ళాలి. మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఇంటి పనుల్లో చేయి వేసేవారని మనం చదువుకున్నదే కదా.

ఇప్పుడు దారి ఊళ్ళని తప్పించుకుని పోతోంది. హైవే అనకాపల్లిలోకి వెళ్ళదు, తునిలోకి వెళ్ళదు. కొన్ని బళ్ళు వైజాగ్ లోపలికే రాకుండా సింహాచలం నుంచి దువ్వాడ మీదుగా సాగిపోతాయి. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాదు చేరుస్తుంది. ఎవరింట్లోనూ దిగాల్సిన పని లేదు, సౌకర్యమే. కానీ మా పిల్లలకి తునిలో ఖాలా ఉందని తెలుసు, ఆ ఇంటి గుమ్మం తెలీదు. ఇంట్లో ట్రంకు పెట్టెలో దాదా రాసిన ఉర్దూ ఖత్‌లు కట్టలుగా ఉన్నాయి, వాటిని చదవగలిగిన వాళ్ళు మా తరంతో ఆఖరు. మనం ఈ నేల మీద ఎప్పటి నుంచి ఉన్నామని ఎవరైనా అడిగితే నవాబుల పేర్లు చెప్పలేం, మనం నవాబుల ఔలాద్ కాదు. మన సుబూత్ ఈ మజిలీలే. ఏ ఊళ్ళో ఎవరింట్లో దిగాం, ఏ ఖబ్రస్తాన్‌లో ఎవరున్నారు, ఎవరు మనకి నీళ్ళిచ్చారు, మనం ఎవరికిచ్చాం.

అందుకని ఒక దర్ఖాస్తు. ఈ రంజాన్ లోపు మీ ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని మీ ఖాందాన్ మజిలీలు ఒక కాగితం మీద రాయండి. ఊరి పేరు, ఇంటివాళ్ళ పేరు, చుట్టరికం, ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళారు. చుట్టాలు కాని దోస్తుల ఇళ్ళు కూడా రాయండి, హిందూ దోస్తుల ఇళ్ళు మరీ ముఖ్యంగా. పాత ఖత్‌లుంటే ఉర్దూ తెలిసినవాళ్ళతో చదివించి తెలుగులో రాసుకోండి.

మాది నేను రాశాను. బరంపురం, శ్రీకాకుళం, విజయనగరం, గోపాలపట్నం, అనకాపల్లి, తుని, సామర్లకోట, రాజమండ్రి, ఏలూరు, బెజవాడ. పది మజిలీలు. వీటిలో ఇవాళ తలుపు తట్టి సలామ్ చెబితే "ఆయియే, ఆయియే" అని లోపలికి పిలిచే ఇళ్ళు నాలుగున్నాయి. ఇన్షాఅల్లాహ్, ఈ ఈద్ తర్వాత పిల్లల్ని తీసుకుని ఆ నాలుగూ తిరిగి వస్తాం. మిగతా ఆరు ఊళ్ళలో మనవాళ్ళెవరైనా మిగిలారేమో అడుగుతాం.